గడువు తీరిన పేరు ఎవరిది?

సంఘం వెబ్‌సైట్ తెరిస్తే ఆరాధన వేళలు కనిపించాల్సిన చోట పేకాట ప్రకటనలు వస్తున్నాయని విశ్వాసులు కాపరికి ఫోన్ చేసి చెప్పడం ఈ రోజుల్లో వింత కాదు. కరపత్రాల మీద, పాటల పుస్తకం అట్ట మీద, మందిరం గోడ మీద అదే చిరునామా ఉంటుంది. ఎవరో హ్యాక్ చేశారని పెద్దలు కంగారుపడతారు. పోలీస్ స్టేషన్‌కు వెళ్దామంటారు. కానీ చాలాసార్లు అక్కడ దొంగతనం ఏదీ జరిగి ఉండదు. ఏడాది రుసుము కట్టడం మరిచిపోయారు. గడువు తీరింది. పేరు వేలానికి వెళ్లింది. వేరే ఎవరో డబ్బు కట్టి, నిబంధనల ప్రకారమే దాన్ని తీసుకున్నారు.

నిబంధనల ప్రకారం జరిగిందంతా న్యాయమేనా? ఈ వారం మేము అడుగుతున్న ప్రశ్న అదే. ఇది కంప్యూటర్ తెలిసిన యువకులకు వదిలేసి ఊరుకోవలసిన సంగతి కాదు. 2020 లాక్‌డౌన్‌లో మందిరాలు మూతపడినప్పుడు ఎన్నో చిన్న సంఘాలు కూడా ఇంటర్నెట్ మీదికి వచ్చాయి. చేబ్రోలు, తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల సంఘాలు అందుకు వేరు కాదు. సందేశాలు, ప్రార్థన మనవులు, కానుకలు పంపే వివరాలు ఇప్పుడు అక్కడే ఉంటున్నాయి. ఆ పేరు చేజారితే ఏమవుతుంది, దాన్ని కాపాడే నియమాలు ఎలా ఉన్నాయి, ఎలా ఉండాలి అన్నది సంఘ పెద్దలందరూ తెలుసుకోవలసిన విషయం.

కొన్నది కాదు, కౌలుకు తీసుకున్నది

వెబ్‌సైట్ పేరు, అంటే డొమైన్ పేరు, కొన్నామని మనం అంటాం. నిజానికి దాన్ని ఎవరూ కొనలేరు. మన డెల్టా రైతుకు తెలిసిన మాటలో చెప్పాలంటే అది కౌలు. కౌలు కట్టినంత కాలం సాగు మనది. ఏడాదికి కట్టవచ్చు, పదేళ్ల వరకు ఒకేసారి కట్టవచ్చు. శాశ్వత పట్టా మాత్రం ఎవరికీ లేదు.

ఈ కౌలులో మనకు, పేరుకు మధ్య ఇద్దరుంటారు. డాట్ కామ్, డాట్ ఆర్గ్, డాట్ ఇన్ అనే ఒక్కో తోకకు ఒక పెద్ద పద్దు పుస్తకం ఉంటుంది. ఆ పుస్తకం రాసే సంస్థను రిజిస్ట్రీ అంటారు. మన దగ్గర డబ్బు తీసుకొని ఆ పుస్తకంలో మన పేరు రాయించే వ్యాపారిని రిజిస్ట్రార్ అంటారు. డాట్ కామ్ పుస్తకం అమెరికాలోని వెరిసైన్ కంపెనీ దగ్గర ఉంది. సేవా సంస్థలు, సంఘాలు ఎక్కువగా వాడే డాట్ ఆర్గ్ పుస్తకం పబ్లిక్ ఇంటరెస్ట్ రిజిస్ట్రీ అనే లాభాపేక్ష లేని సంస్థ దగ్గర ఉంది. డాట్ ఇన్, తెలుగు లిపిలో రాసుకునే డాట్ భారత్ మన దేశానికి చెందిన నిక్సీ చేతిలో ఉన్నాయి. డాట్ కామ్, డాట్ ఆర్గ్ వంటి అంతర్జాతీయ తోకలకు నియమాలు పెట్టేది ఐకాన్ అనే సంస్థ. డాట్ ఇన్‌కు నియమాలు మన దేశంలోనే తయారవుతాయి.

మన సంఘాల్లో ఈ కౌలు పత్రం ఎవరి పేరు మీద ఉంటుంది? సంఘం పేరు మీద ఉండేది అరుదు. ఇంజినీరింగ్ చదివిన ఒక తమ్ముడు తన ఈమెయిల్‌తో, తన కార్డుతో తీసి ఇస్తాడు. మంచి మనసుతోనే చేస్తాడు. తర్వాత హైదరాబాద్‌కో అమెరికాకో ఉద్యోగానికి వెళ్తాడు. ఫోన్ నంబరు మారుతుంది, కార్డు గడువు తీరుతుంది, పాత ఈమెయిల్ తెరవడం మానేస్తాడు. హెచ్చరికలు వస్తూనే ఉంటాయి, చదివేవారు ఉండరు.

గడువు తీరాక జరిగేది

గడువు తీరిన రోజునే పేరు పోదు. 2013 ఆగస్టు 31 నుంచి అమల్లో ఉన్న ఐకాన్ నియమం ప్రకారం రిజిస్ట్రార్ గడువుకు నెల రోజుల ముందు ఒకసారి, వారం ముందు మరొకసారి గుర్తు చేయాలి. గడువు తీరాక అయిదు రోజుల్లోపు ఇంకోసారి చెప్పాలి. పునరుద్ధరణకు ఎంత, ఆలస్యమైతే ఎంత అనే వివరాలు వినియోగదారుకు అందుబాటులో ఉంచాలి. పేరు శాశ్వతంగా పోకముందే కొన్ని రోజులు వెబ్‌సైట్ పనిచేయకుండా ఆపాలి. మెయిల్ చూడనివారు కూడా సైట్ ఆగిపోయిందని గమనిస్తారని ఈ ఏర్పాటు.

డాట్ కామ్ వంటి పేర్లకు గడువు తీరాక సుమారు 45 రోజుల వరకు రిజిస్ట్రార్ చేతిలో ఉండే వెసులుబాటు కాలం ఉంటుంది. ఆలోగా కట్టకపోతే రిజిస్ట్రార్ ఆ పేరును తొలగించాలి. తొలగించిన తర్వాత మరో 30 రోజుల గడువు ఉంటుంది. దాన్ని ఇంగ్లీషులో రిడెంప్షన్ పీరియడ్ అంటారు, మన మాటలో విమోచన గడువు. ఆ 30 రోజుల్లో పాత హక్కుదారు తప్ప ఇంకెవరూ ఆ పేరును తీసుకోలేరు. మామూలు రుసుముకు చాలా రెట్లు కట్టి విడిపించుకోవాలి. అది కూడా దాటితే అయిదు రోజుల తర్వాత పేరు అందరికీ తెరుచుకుంటుంది.

కాగితం మీద చూస్తే ఇది న్యాయంగానే ఉంది. లోపం ఒక్కచోట ఉంది. విమోచన గడువు మొదలయ్యేది పేరును తొలగించిన తర్వాత. చాలామంది పెద్ద రిజిస్ట్రార్లు మంచి పేరును తొలగించరు. మొదటి 45 రోజుల్లోనే వేలం వేస్తారు. పాడినవారికి పేరు రాసిస్తారు. తొలగింపు జరగలేదు కాబట్టి విమోచన గడువు అన్నదే రాదు. మనం ఒప్పుకొన్న ఒప్పందంలోనే, ఎవరూ చదవని పేజీలో, దీనికి అనుమతి ఇచ్చి ఉంటాం. అందుచేత పాతవారికి రక్షణగా పెట్టిన 30 రోజులు, అసలు విలువ ఉన్న పేర్ల విషయంలోనే అందకుండా పోతున్నాయి.

పైగా వేలంలో వచ్చిన సొమ్ము ఎవరికి? పేరుకు విలువ తెచ్చింది పాతికేళ్లు సేవ చేసిన సంఘం. ఆ విలువ మీద లాభం మాత్రం రిజిస్ట్రార్‌కు. మనకు గుర్తు చేయవలసిన బాధ్యత ఎవరిదో, మనం మరిచిపోతే లాభపడేదీ వారే. ఇలాంటి చోట మనుషుల మంచితనం మీద ఆధారపడకూడదు. నియమమే గట్టిగా ఉండాలి.

బంగారం తాకట్టుతో పోల్చి చూడండి. గుంటూరు, తెనాలి వీధుల్లో బంగారం మీద అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీలు ఎన్నో ఉన్నాయి. అప్పు కట్టకపోతే నగ వేలం వేసే హక్కు వారికి ఉంది. కానీ ముందుగా నోటీసు ఇవ్వాలి. వేలం ప్రకటన రెండు పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక కావాలి. అప్పు, ఖర్చులు పోను మిగిలిన సొమ్ము నగ యజమానికి తిరిగి ఇవ్వాలి. నగ యజమానిది, డొమైన్ కౌలుది, ఆ తేడా మేము ఒప్పుకుంటాం. మిగులు సొమ్ము మీద మనకు అంతే హక్కు ఉందని వాదించడం లేదు. కానీ రెండు కాసుల గొలుసు పోయే ముందు తెలుగులో చెప్పాలన్న నియమం ఉన్నప్పుడు, ఒక సంఘం పేరు పోయే ముందు అర్థంకాని ఇంగ్లీషు మెయిల్ రెండుసార్లు పంపితే చాలునని ఎందుకు అనుకోవాలి?

కోర్టు గడప అందరికీ అందదు

పేరు విషయంలో మన తెలుగు నేలకు సంబంధించిన కంపెనీలే తొలినాటి తీర్పులు సంపాదించాయి. హైదరాబాద్ మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ పేరును పోలిన డొమైన్‌ను వేరొకరు తీసుకుంటే, 2001లో ఢిల్లీ హైకోర్టు కంపెనీ పక్షాన ఉత్తర్వు ఇచ్చింది. హైదరాబాద్ సత్యం కుటుంబానికి చెందిన సత్యం ఇన్ఫోవే తన సిఫీ పేరు కోసం బెంగళూరులోని సిఫీనెట్ సొల్యూషన్స్ మీద పోరాడింది. కింది కోర్టు ఒకలా, హైకోర్టు మరోలా చెప్పాయి. చివరికి 2004 మే 6న సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన తీర్పు ఇచ్చింది. డొమైన్ వివాదాలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేకపోయినా, ఒకరి పేరును తనదిగా చలామణి చేసుకోకుండా అడ్డుకునే న్యాయం దానికి కూడా వర్తిస్తుందని చెప్పింది. డొమైన్ పేరు వట్టి చిరునామా కాదు, దాని వెనుక ఉన్నవారిని గుర్తుపట్టించే పేరు కూడా అని మన దేశపు అత్యున్నత న్యాయస్థానం గుర్తించిన సందర్భం అది.

ఆ రెండూ గడువు తీరిన కేసులు కావు, పోలిన పేరు మీద వచ్చిన తగాదాలు. అయినా మనకు ఒక పాఠం ఉంది. పేరును కోర్టులో నిలబెట్టుకున్నది పెద్ద కంపెనీలు. కోర్టు వద్దనుకుంటే అంతర్జాతీయ మధ్యవర్తిత్వం ఉంది. దానికి ప్రపంచ మేధో సంపత్తి సంస్థ దగ్గర ఒక్క మధ్యవర్తి చాలన్నా 1,500 డాలర్ల రుసుము కట్టాలి. మన డబ్బులో లక్ష రూపాయలకు పైమాటే. ఏడాదికి వెయ్యి, పదిహేను వందలు కట్టే పేరు కోసం లక్ష ఎక్కడ తెస్తాం? తెచ్చినా, ఆ పేరు మీద మనకు ట్రేడ్‌మార్క్ వంటి హక్కు ఉందని, ఎదుటివారు దురుద్దేశంతోనే తీసుకున్నారని మనమే రుజువు చేయాలి. సీయోను, బేతేలు, హెబ్రోను అనే పేర్లు ఊరికి నాలుగున్నచోట ఆ రుజువు సులభం కాదు. గడువు మనమే పోగొట్టుకున్నామన్న మాట కూడా మనకు ఎదురు నిలుస్తుంది. కాబట్టి పేదవాడికి న్యాయం పేరు పోయాక దొరకదు. పోకముందే నియమంలో ఉండాలి.

కట్టడానికి సిద్ధంగా ఉన్నా పోతే?

మరిచిపోయినవారిది తప్పు అని సరిపెట్టుకోవచ్చు. మరి మరిచిపోనివారి సంగతి? నెట్ 4 ఇండియా అనే రిజిస్ట్రార్ మన దేశంలో ఒకప్పుడు పేరున్న సంస్థ. 2019లో అది దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. తర్వాత దాని వినియోగదారులు డబ్బు కట్టడానికి ముందుకొచ్చినా పేర్లు పునరుద్ధరణ కాలేదు. ఇంకో రిజిస్ట్రార్ దగ్గరికి మార్చుకుందామంటే అవసరమైన సంకేతం ఇచ్చేవారు లేరు. వేల సంఖ్యలో ఫిర్యాదులు వెళ్లాయి. 2021 ఫిబ్రవరిలో ఐకాన్ ఆ సంస్థ గుర్తింపు రద్దుకు నోటీసు ఇచ్చింది. ఆ తర్వాత పేర్లను మరో రిజిస్ట్రార్‌కు గంపగుత్తగా మార్పించింది. ఈలోగా ఎందరో చిన్న వ్యాపారులు, సంస్థలు నెలల తరబడి అల్లాడారు.

అంతకు ముందు 2007లో అమెరికాలో రిజిస్టర్‌ఫ్లై అనే సంస్థ కూలినప్పుడు జరిగింది ఇదే. గడువు తీరిన పేర్లన్నీ నిర్లక్ష్యం వల్ల తీరినవి కావని ఈ రెండు సంఘటనలు చెబుతున్నాయి. మధ్యవర్తి తప్పిదం వల్ల తీరిన గడువును పేరుదారుడి మీద వేయకూడదు.

నిర్లక్ష్యం కూడా చిన్నవారిదే కాదు. 1999 క్రిస్మస్‌కు ముందురోజు మైక్రోసాఫ్ట్ అంతటి కంపెనీ తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ పేరుకు డబ్బు కట్టడం మరిచింది. హాట్‌మెయిల్ వాడేవారు లోపలికి వెళ్లలేకపోయారు. ఆ కంపెనీతో సంబంధం లేని ఒక ప్రోగ్రామర్ తన జేబులోంచి 35 డాలర్లు కట్టి పేరును బతికించాడు. దాన్ని తనదని అనలేదు. మంచి పొరుగువాడు దొరికాడు కాబట్టి ఆ కథ సుఖంగా ముగిసింది. నియమాలు మాత్రం అలాంటి పొరుగువాడు దొరకని రోజు కోసం రాసుకోవాలి.

పోయేది పేరొక్కటే కాదు

పేరు పోతే వేరే పేరు తీసుకోవచ్చు కదా అని కొందరు అంటారు. తీసుకోవచ్చు. కానీ పాత పేరు చెరిగిపోదు. అచ్చయిన కాగితాల మీద ఉంటుంది. 2015లో జర్మనీలో ఒకాయన హైన్జ్ కెచప్ సీసా మీది క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో చూస్తే అశ్లీల సైట్ తెరుచుకుంది. కంపెనీ పోటీ ముగిసింది, డొమైన్ గడువు తీరింది, వేరేవారు తీసుకున్నారు, సీసాలు మాత్రం ఇంకా ఇళ్లలో ఉన్నాయి. కన్వెన్షన్ కరపత్రాల మీద, బాలల వేసవి బైబిలు పాఠాల పుస్తకాల మీద మనం వేసుకునే కోడ్‌ల గురించి ఆలోచించండి. అవి పదేళ్ల తర్వాత కూడా ఎవరో ఒక పిల్లవాడి చేతిలో ఉంటాయి.

ఇంకా లోతైన ప్రమాదం ఈమెయిల్. పేరు ఎవరిదైతే ఆ పేరు మీద వచ్చే ఉత్తరాలన్నీ వారివి. 2018లో ఆస్ట్రేలియాలో ఒక భద్రతా పరిశోధకుడు న్యాయవాద సంస్థలు వదిలేసిన పాత డొమైన్లను తీసుకొని చూస్తే కక్షిదారుల రహస్య ఉత్తరాలు ఆయనకు వచ్చాయి. ఆయన హెచ్చరించడానికే ఆ పని చేశాడు. అందరూ అలా చేయరు. పాస్‌వర్డ్ మరిచామని ఒక్క నొక్కు నొక్కితే సంఘం యూట్యూబ్, ఫేస్‌బుక్, బ్యాంకు సమాచారం ఆ పాత ఈమెయిల్‌కే వెళ్తాయి. కాపరికి నమ్మకంతో రాసిన ప్రార్థన మనవులు, ఒక కుటుంబం గొడవ, ఒక ఆడబిడ్డ కన్నీరు, ముఖం తెలియని వ్యక్తి చదువుతాడు. సంఘం పేరుతో కానుకలు అడిగే ఉత్తరాలు కూడా ఆ చిరునామా నుంచే పంపగలడు.

పేరు నిలవడం అంటే ఏమిటో చేబ్రోలు చూపించింది. ఇక్కడ భీమేశ్వరాలయం దగ్గర బయటపడిన రాతి శాసనం సాతవాహన రాజు విజయుడి కాలానిది, క్రీస్తు శకం 207 నాటిది. దక్షిణ భారతంలో అప్పటివరకు దొరికిన సంస్కృత శాసనాలన్నింటిలో పాతదని 2019లో పురావస్తు శాఖ ప్రకటించింది. అందులో మన ఊరి పాత పేరు తాంబ్రాపె అని ఉంది. ఊరు పేరు మారినా, రాజ్యాలు పోయినా, 1800 ఏళ్ల తర్వాత ఆ రాయి ఎవరు ఏమి ఇచ్చారో చెబుతోంది. దాని మీద వేరొకరు వచ్చి వేరే మాట చెక్కలేదు కాబట్టే చెప్పగలిగింది. మన తరం తన జ్ఞాపకాలను రాతి మీద కాక ఏడాది కౌలు పేరు మీద రాసుకుంటోంది. ఆ జ్ఞాపకానికి కాస్త కంచె అడగడం అత్యాశ కాదు.

రెండో వైపు మాట

న్యాయం అంటే మన వైపు మాత్రమే చూడడం కాదు. గడువు తీరిన పేర్లు ఎప్పటికీ పాతవారికే ఉండాలంటే ఏమవుతుంది? వాడనివారి చేతిలో లక్షల పేర్లు బీడుపడి ఉంటాయి. కొత్తగా ప్రారంభమైన సంఘానికి, బడికి, చిన్న దుకాణానికి మంచి పేరు దొరకదు. వాడని పొలం ఇంకొకరి సాగుకు రావడం మంచిదే. గడువు అనేది ఉండాలి, మరిచిపోయినవారు కొంత మూల్యం చెల్లించాలి. రిజిస్ట్రార్ కూడా ఉచితంగా పనిచేయలేడు. గడువు తీరిన పేరును శుభ్రంగా, మంచి పని కోసం తీసుకున్నవారు దొంగలు కారు.

మా అభ్యంతరం గడువు మీద కాదు. మరుపుకు పడే శిక్ష మరుపుకు తగినంతగా ఉండాలి, దాని మీద ఎవరూ వ్యాపారం కట్టుకోకూడదు. ఇంతే.

లేవీయకాండము 25వ అధ్యాయం చదివినవారికి ఈ తూకం కొత్తది కాదు. ప్రాకారం ఉన్న పట్టణంలో ఇల్లు అమ్ముకున్నవాడికి దాన్ని విడిపించుకోవడానికి నిండు సంవత్సరం గడువు ఉంది. అది దాటితే ఇల్లు కొన్నవాడిదే, శాశ్వతంగా. అక్కడ కొన్నవాడి హక్కు కూడా కాపాడబడింది. ప్రాకారం లేని పల్లెలోని ఇంటికి మాత్రం నియమం వేరు. దాన్ని పొలంతో సమానంగా చూశారు. ఎప్పుడైనా విడిపించుకోవచ్చు, సునాద సంవత్సరంలో తిరిగి వస్తుంది. కాపలా గోడ ఉన్నవారికి ఒక గడువు, లేనివారికి ఎక్కువ కనికరం. అమ్ముకున్నవాడు బీదవాడై విడిపించుకోలేకపోతే దగ్గరి బంధువు ముందుకు రావచ్చు.

మన కాలంలో ప్రాకారం ఎవరికి ఉందో చూడండి. సైబర్ మోసాలు పెరగడంతో రిజర్వ్ బ్యాంకు 2025లో బ్యాంకులన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ప్రత్యేక తోకకు మారాలని, అక్టోబరు 31 గడువని ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీకి మాత్రమే ఉంది. బ్యాంకు కానివారు ఆ పేరు తీసుకోలేరు. మంచి నిర్ణయం. పేరు అంటే నమ్మకమని ప్రభుత్వ వ్యవస్థ ఒప్పుకుందని దీని అర్థం. అయితే బ్యాంకుకు న్యాయవాదులున్నారు, సాంకేతిక సిబ్బంది ఉన్నారు. పల్లె సంఘానికి, ట్రస్టు ఆసుపత్రికి, ఎయిడెడ్ బడికి వారెవరూ లేరు. గోడ ఉన్న పట్టణానికి ఇంకో గోడ కట్టి, గోడ లేని పల్లెను అలాగే వదిలేశాం.

మేము కోరేది

డాట్ ఇన్, డాట్ భారత్ నియమాలు మన దేశంలోనే తయారవుతాయి కాబట్టి మన మాట మొదట చేరవలసింది నిక్సీకి, కేంద్ర ఎలక్ట్రానిక్స్ మంత్రిత్వ శాఖకు. అక్కడ మంచి దారి వేస్తే బయటి ప్రపంచానికి కూడా చూపవచ్చు.

మొదటిది, విమోచన గడువు వేలం కంటే ముందు రావాలి. పాత హక్కుదారుకు పూర్తి 30 రోజులు ఇవ్వకుండా ఏ పేరునూ వేలం వేయకూడదు.

రెండోది, హెచ్చరిక వినియోగదారు కోరుకున్న భాషలో, ఈమెయిల్‌తో పాటు ఫోన్ సందేశంగా, కనీసం ఇద్దరు మనుషులకు వెళ్లాలి. కరెంటు బిల్లు గడువు మన ఫోన్‌కు వస్తోంది, ఇది రాకపోవడానికి కారణం లేదు.

మూడోది, విడిపించుకునే రుసుముకు పరిమితి ఉండాలి. అయిన ఖర్చుకు తగినంత తీసుకోవచ్చు, ఆపదలో ఉన్నవాడి అవసరాన్ని చూసి ధర పెంచకూడదు. ఆ రుసుము పేరు అమ్మిన రోజే కనిపించేలా చెప్పాలి.

నాలుగోది, నమోదైన సేవా సంస్థలు, బడులు, ఆసుపత్రులు, మందిరాలు, గుడులు, మసీదులు వాడి వదిలిన పేర్లను తొలగించిన తర్వాత కొంతకాలం ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా ఉంచాలి. పాత కరపత్రాలు, పాత ఈమెయిల్‌లు చల్లారే వరకు. ఇది మన మతం కోసం అడిగే రాయితీ కాదు, నమ్మి వచ్చే సామాన్యుల రక్షణ.

అయిదోది, రిజిస్ట్రార్ దివాలా తీసినా, పనిచేయకపోయినా ఆ కాలంలో ఏ పేరు గడువూ తీరినట్టు లెక్కించకూడదు.

ఇవి వినేవారుంటారా అంటే ఉంటారు. 2019 నవంబరులో డాట్ ఆర్గ్ నడిపే సంస్థను ఈథోస్ క్యాపిటల్ అనే పెట్టుబడి కంపెనీకి 113 కోట్ల డాలర్లకు పైగా ధరకు అమ్మాలని నిర్ణయమైంది. ప్రపంచమంతటా స్వచ్ఛంద సంస్థలు వద్దని గొంతెత్తాయి. 2020 ఏప్రిల్ 30న ఐకాన్ ఆ అమ్మకానికి అనుమతి నిరాకరించింది. మనలో చాలా సంఘాలు వాడే పేర్లు ఇప్పటికీ లాభాపేక్ష లేని సంస్థ చేతిలో ఉన్నాయంటే ఆ గొంతుల ఫలితమే.

మన ఇంట్లో మనం చేయవలసింది

ప్రభుత్వాన్ని అడిగేవారు తమ ఇల్లు సర్దుకోవాలి. సంఘానికి స్థలం కొన్నప్పుడు దస్తావేజు కాపరి పేరు మీద కాక సంఘం పేరు మీద రాయించాలని మన పెద్దలు పట్టుబడతారు. వెబ్‌సైట్ పేరు విషయంలో కూడా అంతే పట్టుదల ఉండాలి. హక్కుదారుగా సొసైటీ లేదా ట్రస్టు పేరు ఉండాలి. సంప్రదింపుకు ఇచ్చే ఈమెయిల్ అదే డొమైన్ మీద ఉండకూడదు. ఎందుకంటే పేరు ఆగిన రోజున ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది, చివరి హెచ్చరిక మనకు అందదు. కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి దగ్గరా వివరాలు ఉండాలి. వీలైతే అయిదేళ్లకో పదేళ్లకో ఒకేసారి కట్టాలి. సంఘ వార్షిక సమావేశంలో లెక్కలు చదివేటప్పుడు డొమైన్ గడువు తేదీ కూడా చదవాలి. యిర్మీయా అనాతోతు పొలం కొన్నప్పుడు ముద్ర వేసిన పత్రాన్ని, విప్పి ఉన్న పత్రాన్ని కూడా మట్టికుండలో దాచమని బారూకుకు చెప్పాడు. దేశం శత్రువు చేతిలో పడబోతున్న రోజుల్లో ఆయన పత్రం జాగ్రత్త గురించి ఆలోచించాడు. అది విశ్వాసానికి విరుద్ధమైన పని కాదు, విశ్వాసంతో చేసిన పని.

వెబ్‌సైట్ అవసరం తీరిపోయిందనుకున్నా వెంటనే పేరు వదలకండి. దాని మీద నడిచే ఈమెయిల్‌లన్నీ మార్చుకోండి, అచ్చయిన చిరునామాలు తీసేయండి. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు రుసుము కట్టి ఖాళీగా ఉంచండి. అది వృథా ఖర్చు కాదు.

చివరగా ఒక కఠినమైన మాట. సంఘాలు చీలినప్పుడు పాస్‌వర్డ్ తమ దగ్గర ఉన్నదని పేరును పట్టుకెళ్లే అలవాటు మన మధ్య ఉంది. ఎదుటి వర్గం గడువు తీరే రోజు కోసం కాచుకుని కూర్చునేవారు కూడా ఉన్నారు. పొరుగువాని సరిహద్దు రాయి జరపకూడదన్న ధర్మశాస్త్రం గట్టు మీది రాయికే పరిమితం కాదు. పక్క సంఘం పేరు గడువు తీరిందని తెలిస్తే మనం చేయవలసిన పని ఒక్కటే, వారికి ఫోన్ చేసి చెప్పడం. అవసరమైతే మన డబ్బుతో కట్టి వారికి అప్పగించడం. ఏ విశ్వాసంతోనూ ముడిపెట్టకుండా ఒక ప్రోగ్రామర్ మైక్రోసాఫ్ట్‌కు చేసిన పాటి మేలు, బోయజు కథను ఆదివారం బడిలో నేర్పే మనం ఒకరికొకరం చేసుకోలేమా?

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత పెద్దలు కూర్చున్నప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. మన సంఘం పేరు ఎవరి పేరు మీద ఉంది? గడువు ఎప్పటికి? జవాబు వెంటనే రాకపోతే, ఆ రోజు ఇంటికి వెళ్లే ముందే తెలుసుకోండి.